డూడుల్ కుక్కకు ఏ బ్రష్ కొనాలి? ముందు దాని బొచ్చు చూడండి

డూడుల్ కుక్కను గ్రూమర్ దగ్గర, అంటే కుక్కల బొచ్చు కత్తిరించి చక్కబెట్టే మనిషి దగ్గర దింపి, ఇంటికొచ్చి కాఫీ పెట్టుకునేలోపే ఫోన్ మోగుతుంది. "లోపలంతా అట్టకట్టేసింది, మొత్తం షేవ్ చేయడం తప్ప దారి లేదు" అంటారు అవతల. ఇవతలి మనిషికి ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే ఆయన రోజూ దువ్వుతున్నాడు, చేత్తో నిమిరితే మెత్తగానే ఉంది, పైగా వేల రివ్యూలున్న బ్రష్షే ఏరి కొన్నాడు. తమాషా ఏంటంటే ఇద్దరూ నిజమే చెబుతున్నారు. రెండున్నర అంగుళాల బొచ్చులో పైన రెండంగుళాలు శుభ్రంగా దువ్వి ఉంది, చర్మానికి ఆనుకుని ఉన్న ఆ కింది అరంగుళం దగ్గరికి మాత్రం బ్రష్ ఒక్కసారి కూడా వెళ్ళలేదు. గొడవంతా ఆ అరంగుళంలోనే ఉంది.

అందుకే "గోల్డెన్‌డూడుల్‌కి ఏ బ్రష్ మంచిది?" అని ఎవరైనా అడిగితే ఒక్క ముక్కలో జవాబు చెప్పడం కుదరదు. డూడుల్ అంటే ఒక జాతి కాదు, పూడుల్‌ని వేరే జాతితో కలిపితే పుట్టిన సంకరం. ఒకే కాన్పులో పుట్టిన అక్కాచెల్లెళ్ళకే ఒకదానికి ఉంగరాలు, ఇంకోదానికి అలలు, మూడోదానికి దాదాపు తిన్నటి బొచ్చు రావచ్చు. బ్రష్ ఎంచుకోవాల్సింది జాతి పేరు చూసి కాదు, మీ చేతికింద ఉన్న బొచ్చు చూసి.

ఈ గందరగోళం మొదటి నుంచీ ఉన్నదే. 1980లలో రాయల్ గైడ్ డాగ్స్ ఆస్ట్రేలియాలో పనిచేస్తున్న వాలీ కాన్రన్‌కి ఒక అభ్యర్థన వచ్చింది: హవాయిలో ఉండే ఒక చూపులేని మహిళకు గైడ్ డాగ్ కావాలి, కానీ ఆవిడ భర్తకు కుక్క బొచ్చు పడదు. కాన్రన్ చాలా పూడుల్స్‌ని పరీక్షించి చూశాడు, ఏదీ గైడ్ పనికి సరిపోలేదు. చివరికి లాబ్రడార్‌తో పూడుల్‌ని కలిపితే మూడు పిల్లలు పుట్టాయి. ఆ మూడింటిలో భర్తకు పడింది ఒక్కటే, దాని పేరు సుల్తాన్. అంటే మొట్టమొదటి కాన్పులోనే "డూడుల్ అంటే ఇలా ఉంటుంది" అని చెప్పలేమని తేలిపోయింది. అయినా జనం ఆ ఒక్క సుల్తాన్‌నే గుర్తుపెట్టుకుని మిగతా రెంటినీ మర్చిపోయారు. తర్వాత్తర్వాత డూడుల్స్ పేరుతో సాగిన ఇష్టారాజ్యపు వ్యాపారం చూసి, ఈ పని మొదలుపెట్టినందుకు బాధపడుతున్నానని కాన్రనే బాహాటంగా చెప్పుకున్నాడు.

అమెరికాలో మనవాళ్ళ ఇళ్ళలోకి కూడా డూడుల్ వచ్చింది ఈ మాట మీదే. ఫ్రిస్కోలోనో ఎడిసన్‌లోనో పిల్లలు నెలల తరబడి పోరు పెట్టి, "అమ్మా, ఇది బొచ్చు రాల్చదు, అలర్జీ కూడా రాదట" అని ఒప్పిస్తారు. అలర్జీ సంగతి ఒక్క మాటలో చెప్పి వదిలేస్తాను: 2012లో నెదర్లాండ్స్ పరిశోధకులు కొలిచి చూస్తే అలర్జీ రాదని పేరున్న కుక్కల బొచ్చులో అలర్జీ కారకం మిగతావాటి కంటే తక్కువేమీ లేదు, కొన్నింట్లో ఎక్కువే ఉంది. రాలడం సంగతే మనకు ముఖ్యం. పూడుల్ రకం బొచ్చు చాలాకాలం పెరుగుతూనే ఉంటుంది, రాలేది తక్కువ, నిజమే. కానీ రాలిన ఆ కాస్తా కూడా సోఫా మీద పడకుండా పక్క ఉంగరాల్లో చిక్కుకుని అక్కడే ఉండిపోతుంది. ఊడిన వెంట్రుక, ఊడని వెంట్రుక, కాస్త తేమ, కాస్త రాపిడి. ఈ నాలుగూ కలిస్తే ఉండ, నాలుగు ఉండలు కలిస్తే అట్ట. చీపురు పని తగ్గింది కదా అని సంబరపడే ఇంట్లో దువ్వెన పని అంతకు రెట్టింపవుతుంది.

ఏ పిల్లకు ఏ బొచ్చు వస్తుందో దాని వెనక లెక్క కూడా ఉంది. కొంచెం ఓపిక పట్టండి, ఇది తెలిస్తే బ్రీడర్ చెప్పే ఎఫ్1, ఎఫ్1బీ అనే మాటలు అర్థమవుతాయి. 2009లో వెయ్యికి పైగా కుక్కల మీద చేసిన పరిశోధనలో తేలిందేమిటంటే, కుక్కల బొచ్చులో మనకు కనిపించే తేడాల్లో చాలా భాగానికి కారణం మూడే జన్యువులు. ఒకటి మూతి మీసాలు, గడ్డం, గుబురు కనుబొమలు తెస్తుంది, దాని పేరు ఆర్‌ఎస్‌పీవో2. రెండోది ఎఫ్‌జీఎఫ్5, పొడుగు తేలుస్తుంది. మూడోది కేఆర్‌టీ71, ఉంగరాలు తిప్పుతుంది. పూడుల్ మామూలుగా మీసం జన్యువు రెండు కాపీలతో వస్తుంది, గోల్డెన్ రిట్రీవర్‌కి అది ఉండదు. ఈ రెంటికీ పుట్టిన మొదటి తరాన్ని ఎఫ్1 అంటారు, అందులో ప్రతి పిల్లకూ మీసం జన్యువు ఒక్కో కాపీ దక్కుతుంది. మీసం గుణానికి ఒక్క కాపీ చాలు కాబట్టి ముఖమంతా గుబురుగా ఉంటుంది, ఉంగరానికి ఒక్క కాపీ ఉంటే సగం పనే జరుగుతుంది కాబట్టి సాధారణంగా బొచ్చు అలలు అలలుగా వస్తుంది. ఆ ఎఫ్1ని మళ్ళీ పూడుల్‌కి కలిపితే ఎఫ్1బీ, అందులో దాదాపు సగం పిల్లలకు గట్టి ఉంగరాలు. రెండు ఎఫ్1లను కలిపితే ఎఫ్2, అందులో నాలుగింట ఒకదానికి మీసం జన్యువే ఉండదు. దాని ముఖం లాబ్రడార్ ముఖంలా నున్నగా ఉంటుంది, బొచ్చూ బాగానే రాలుతుంది. లెక్క ఇదే అయినా కాన్పుకి నాలుగైదు పిల్లలే పుడితే సరిగ్గా అలాగే పంచుకు పుడతాయని ఏమీ లేదు. బ్రీడర్ కాగితం మీద ఏ అక్షరం రాసినా మీ చేతికి వచ్చేది మాత్రం ఒక్క పిల్ల, ఒక్క బొచ్చు.

ఇంట్లోనే చూసుకోవడం ఎలాగంటే, ముందు ముఖం చూడండి. మూతి నున్నగా, కాళ్ళ ముందు భాగం పొట్టి బొచ్చుతో ఉంటే అది తిన్నటి కోటు. మూతి గుబురుగా ఉంటే వీపు మీద ఒక పాయ తీసి వేళ్ళ మధ్య సాగదీసి వదలండి. వదిలీ వదలగానే స్ప్రింగులా ముడుచుకుంటే అది ఊలు రకం. నెమ్మదిగా వంపు తిరిగి ఆగిపోతే అలల రకం, దీన్నే గ్రూమర్లు ఫ్లీస్ అంటారు. తర్వాత తొడ మీదో పక్కటెముకల మీదో బొచ్చును రెండు చేతులతో పాపిడి తీసినట్టు విడదీసి చర్మం దగ్గర చూడండి. పొడుగు వెంట్రుకల అడుగున దూదిలాంటి పొట్టి బొచ్చు ఒత్తుగా కనిపిస్తే అడుగు కోటు బాగా ఉందన్నమాట. బెర్నీస్ మౌంటెన్ డాగ్ కలిసిన బెర్నెడూడుల్, ఓల్డ్ ఇంగ్లిష్ షీప్‌డాగ్ కలిసిన షీపడూడుల్, ఆస్ట్రేలియన్ షెపర్డ్ కలిసిన ఆసీడూడుల్ ఇళ్ళలో ఇది ఎక్కువగా చూస్తాం. విడదీసినా చర్మం కనిపించకపోతే బ్రష్ గురించి తర్వాత ఆలోచిద్దురుగాని, అది ఇప్పటికే అట్టకట్టింది.

ఏ రకం బొచ్చైనా ముందు కొనాల్సింది బ్రష్ కాదు, స్టీలు దువ్వెన. గ్రూమర్లు గ్రేహౌండ్ కోంబ్ అంటారు, ఏడెనిమిది అంగుళాల పొడుగు, సగం పళ్ళు దూరంగా, సగం దగ్గరగా ఉంటాయి. పళ్ళు అంగుళం పైన పొడుగుండాలి, కొనలు గుండ్రంగా ఉండాలి. పదిహేను ఇరవై డాలర్లలో పనికొచ్చేది దొరుకుతుంది. బ్రష్ చిక్కు తీస్తుంది, తీసిందా లేదా అని చెప్పేది మాత్రం దువ్వెనే. కుదురు దగ్గర పెట్టి కొస దాకా లాగితే ఆగకుండా రావాలి. చెవి వెనకాల ఒకసారి ప్రయత్నించండి. చెవిని ఎత్తి, చెవి తలకు కలిసే చోట దువ్వెన పళ్ళు చర్మానికి ఆనించి, బొచ్చు పెరిగే వైపే మెల్లగా లాగండి. పావంగుళం కూడా రాకుండా ఆగిపోయి, కుక్క తల పక్కకు తిప్పి మీ చేతివంక చూసిందంటే అక్కడ ఉండ ఉంది. పైనుంచి నిమిరితే అది ఎంతకీ తెలియదు. అలాగే చంకలు, గజ్జలు, తోక మొదలు, మెడపట్టీ కింద, హార్నెస్ రాసుకునే ఛాతీ దగ్గర చూసుకోవాలి. రాపిడి ఎక్కడుంటే చిక్కు అక్కడ మొదలవుతుంది. ఇంట్లో ఉన్నప్పుడు మెడపట్టీ, హార్నెస్ తీసేయడం ఏ బ్రష్ కంటే చవకైన ఉపాయం.

ఇక స్లిక్కర్ బ్రష్. పల్చటి పలక మీద ఒత్తుగా సన్నటి తీగ పిన్నులు, కొసలు కొంచెం వంగి ఉంటాయి. డూడుల్ ఉన్న ఇంట్లో ఎక్కువ పని దీనిదే, ఎక్కువ మోసం జరిగేదీ దీని దగ్గరే. దుకాణంలో స్లిక్కర్లన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి. తేడా పిన్ను పొడుగులో, బిరుసులో, కింద ఉన్న రబ్బరు మెత్తలో ఉంటుంది. మీట నొక్కితే బొచ్చు దానంతటదే బయటికొచ్చే "సెల్ఫ్ క్లీనింగ్" బ్రష్షులు బాగా అమ్ముడుపోతాయి, కానీ చాలావాటికి పిన్నులు పొట్టి. టెడ్డీ బేర్‌లా బొచ్చు పొడుగ్గా ఉంచుకుని అలాంటిదానితో దువ్వితే మొదట చెప్పిన ఆ ఫోన్ తప్పదు. చూడాల్సిన సూత్రం ఒక్కటే: పిన్ను పొడుగు బొచ్చు పొడుగుకి సమానంగానైనా ఉండాలి, లేదా పాయ విడదీసి దువ్వేటప్పుడు చర్మం దాకా చేరేలాగైనా ఉండాలి. గ్రూమర్లు మెచ్చుకునే క్రిస్ క్రిస్టెన్సెన్ బిగ్ జీ లాంటి పొడుగు పిన్నుల స్లిక్కర్లకు ధర ఎక్కువే. ఒత్తైన పొడుగు బొచ్చున్న స్టాండర్డ్ సైజు, అంటే పెద్ద కుక్కకైతే అది దండగ అనను. నెలనెలా అంగుళంలోపు కత్తిరించి ఉంచే కుక్కకు మాత్రం అంత అవసరం లేదు, మామూలు పిన్నుల స్లిక్కరే చాలు.

పిన్ను కొసకు ప్లాస్టిక్ గుండు ఉన్నవి చర్మానికి గీసుకోవని కొంటారు. పల్చటి బొచ్చుకి పర్వాలేదు. ఒత్తు ఉంగరాల్లోకి ఆ గుండు దూరదు, దూరినా వెంట్రుకల్ని పట్టి లాగుతుంది. గీసుకుంటుందేమో అని భయముంటే బ్రష్‌ని ముందు మీ మోచేతి లోపలి వైపు అదే ఒత్తిడితో లాగి చూసుకోండి. మీకు మంటపుడితే దానికీ పుడుతుంది. ఒకేచోట పదేపదే గీస్తే చర్మం ఎర్రగా కందుతుంది, దీన్ని బ్రష్ బర్న్ అంటారు. ఇందులో బ్రష్‌ది సగం తప్పు, చేతిది సగం.

ఇప్పుడు ఏ బొచ్చుకి ఏది. తిన్నటి కోటుది అన్నింటికంటే తేలిక. తిన్నటి పిన్నులు దూరదూరంగా ఉండే పిన్ బ్రష్ లేదా మెత్తటి స్లిక్కర్, బాగా రాలే కాలంలో అడుగు కోటును లాగే అండర్‌కోట్ రేక్, వారానికి ఒకటి రెండుసార్లు చాలు. దీన్ని "ఇంప్రాపర్ కోట్" అని చిన్నచూపు చూస్తారు గానీ దువ్వే మనిషిని అడిగితే వరం అంటాడు.

అలల కోటు అసలు పరీక్ష. చూడ్డానికి ఉంగరాల కంటే తేలిగ్గా కనిపిస్తుంది, అక్కడే దెబ్బతింటారు. పూడుల్ నుంచి ఆగకుండా పెరిగే గుణం, గోల్డెన్ నుంచి రాలే అడుగు కోటు, రెండూ వచ్చినవి ఇందులో చాలా ఉంటాయి. రాలేది రాలుతూనే ఉంటుంది, పెరిగేది దాన్ని పట్టి ఉంచుతుంది. బిరుసు మధ్యస్థంగా ఉన్న పొడుగు పిన్నుల స్లిక్కర్, వెనకే దువ్వెన, బొచ్చు పొడుగ్గా ఉంచితే రోజు విడిచి రోజైనా దువ్వాలి. బంతి కొసల పిన్ బ్రష్‌తో దీన్ని దువ్వితే పైన పఫ్‌లా లేచి ఫొటోకి బ్రహ్మాండంగా ఉంటుంది, లోపల ఏమీ జరగదు.

ఊలు రకానికి కాస్త బిరుసు పిన్నులు కావాలి. మెత్తటి పిన్నులు ఉంగరం మీద వంగిపోయి జారిపోతాయి. ఈ రకంలో ఊడిన వెంట్రుక బయటకు కనపడదు కాబట్టి అంతా బాగున్నట్టే ఉంటుంది. నన్నడిగితే ఈ బొచ్చుని అంగుళం, అంగుళంన్నర దాటి పెంచకపోవడమే మనిషికీ కుక్కకీ సుఖం. అప్పుడు వారానికి రెండుసార్లు దువ్వినా సరిపోతుంది.

బెర్నెడూడుల్, షీపడూడుల్ లాంటి ఒత్తు అడుగు కోటున్నవాటికి ముందు స్లిక్కర్‌తో చిక్కు తీసి, ఆ తర్వాత వెడల్పు పళ్ళ రేక్‌తో అడుగున వదులైన బొచ్చును లాగేయాలి. క్రమం తిరగేస్తే రేక్ పళ్ళు చిక్కులో ఇరుక్కుని కుక్క అరుస్తుంది, ఆ తర్వాత బ్రష్ చూస్తేనే మంచం కిందికి దూరుతుంది. కావపూ, మాల్టీపూ లాంటి చిన్న పూడుల్ సంకరాలది ఇంకో లోకం: సన్నటి పట్టులాంటి వెంట్రుక, పల్చటి చర్మం. వాటికి చిన్న తల, మెత్తటి పిన్నులున్న స్లిక్కర్, కళ్ళ దగ్గరకు సన్న పళ్ళ చిన్న దువ్వెన. పెద్ద కుక్క బ్రష్‌తో వీటి కాళ్ళు దువ్వితే ఎముకకు తగులుతుంది. హైదరాబాద్, వైజాగ్‌లలో షీజూ, పూడుల్ పెంచుకునేవాళ్ళకూ ఇదే లెక్క. వానాకాలం తడిసిన బొచ్చును దానంతటదే ఆరనిస్తే ఉండలు ఇంకా బిగుసుకుంటాయి కాబట్టి వాళ్ళకు ఒక జాగ్రత్త ఎక్కువే కావాలి.

డూడుల్ ఇంట్లో ఉండకూడనివి రెండున్నాయి. ఒకటి, రాలే బొచ్చును లాగేసే ఫర్మినేటర్ తరహా బ్లేడు పళ్ళ డీషెడ్డింగ్ టూల్, లాబ్రడార్‌లాంటి పొట్టి బొచ్చుకి బ్రహ్మాండంగా పనిచేస్తుంది, అలల, ఉంగరాల కోటులో మాత్రం వెంట్రుకను మధ్యలో తెంపి, తెగిన కొసల్ని ఇంకా చిక్కుపడేలా చేస్తుంది. రెండోది కత్తెర. ఉండ కిందికి చర్మం కూడా ముడుచుకుని పైకి లేస్తుంది, ఎక్కడ బొచ్చు ఆగి ఎక్కడ చర్మం మొదలైందో కంటికి తెలియదు, తెలిసేసరికి కుట్లు పడతాయి. వంకర బ్లేడుల డీమ్యాటింగ్ దువ్వెన అప్పుడప్పుడు చిన్న ఉండకు పనికొస్తుంది, కానీ అదీ బ్లేడే, చేతి అలవాటు లేనివాళ్ళు దూరంగా ఉంటే మంచిది.

సరైన బ్రష్ కొని తప్పుగా దువ్వినా ఫలితం సున్నా. కుక్కను పక్కకు పడుకోబెట్టి కాలి దగ్గర నుంచో పొట్ట దగ్గర నుంచో మొదలుపెట్టండి. ఎడమచేత్తో పైబొచ్చును పైకి ఎత్తిపట్టి, కింద చర్మం గీతలా కనిపించాక, ఆ గీత దగ్గరి బొచ్చును మాత్రమే కొంచెం కొంచెంగా కిందికి దువ్వాలి. దాని మీద దువ్వెన ఆగకుండా వస్తే అరంగుళం పైకి జరిగి ఇంకో గీత. దీన్ని లైన్ బ్రషింగ్ అంటారు. పొడిబొచ్చును దువ్వితే తెగుతుంది, కండిషనర్ కలిపిన నీళ్ళో డీట్యాంగ్లింగ్ స్ప్రేయో పల్చగా చల్లుకోవాలి. మణికట్టుతో గుచ్చకుండా తట్టి లాగినట్టు తేలిగ్గా దువ్వండి. మొదట్లో ఒక్క రోజులో ఒళ్ళంతా పూర్తిచేయాలని పట్టుబట్టకండి, ఇవాళ ముందుకాళ్ళు, రేపు చెవులు అన్నా నష్టం లేదు.

స్నానం విషయంలో మనిళ్ళలో అందరికీ తెలిసిన పద్ధతే: తలంటుకి ముందు అమ్మ కూర్చోబెట్టి చిక్కు తీసేది కదా, అలాగే ముందు దువ్వి, తర్వాతే నీళ్ళు. ఉండ తడిసి ఆరితే ఇంకా బిగుసుకుంటుంది, అప్పుడిక విప్పడం కాదు, తీసేయడమే. ఆరబెట్టేటప్పుడు బ్లోయర్ పెట్టి స్లిక్కర్‌తో దువ్వుతూ ఆరబెడితే ఉంగరం సాగి, తర్వాత రెండు మూడు రోజులు దువ్వడం తేలికవుతుంది.

ఇంకొకటి, దీని గురించి బ్రీడర్లు ముందుగా చెప్పరు. ఆరు నెలల నుంచి ఏడాది మధ్యలో, కొన్నింటికి ఇంకా ఆలస్యంగా, పిల్ల బొచ్చు పోయి పెద్ద బొచ్చు వస్తుంది. అప్పటిదాకా వారానికోసారి దువ్వితే సరిపోయిన కుక్క ఉన్నట్టుండి రెండు రోజులకే చంకల్లో ఉండలు కడుతుంది. "నిన్నే దువ్వాను" అని టెన్షన్ పడేది ఈ దశలోనే. పిల్లకని కొన్న మెత్తటి బ్రష్ ఇక పనికిరాదు, కొత్త బొచ్చును మళ్ళీ సాగదీసి, విడదీసి చూసుకుని బ్రష్ మార్చుకోవాలి. ఈ కొన్ని నెలలు రోజూ దువ్వలేమనుకుంటే పొట్టిగా కత్తిరించేయండి, బొచ్చు మళ్ళీ పెరుగుతుంది.

ఉండ చిన్నదైతే దాని మొదలును చర్మం లాగకుండా వేళ్ళతో పట్టుకుని, స్ప్రే కొట్టి, కొస నుంచి మొదలుకు కొంచెం కొంచెంగా స్లిక్కర్ మూలతో విప్పండి. అరచేతంత అట్ట అయితే, లేదా దువ్వెన పన్ను కూడా కిందికి దూరకపోతే, విప్పాలన్న పట్టుదల వదిలేయాలి. దాని కింద గాలి ఆడదు, తేమ నిలిచి పుండ్లు పడతాయి, నడిచిన ప్రతిసారీ చర్మాన్ని లాగుతూ ఉంటుంది. గంటలకొద్దీ దాన్ని దువ్వడం కుక్కకు శిక్ష. గ్రూమర్ క్లిప్పర్‌తో పొట్టిగా తీయడమే దారి, చెవుల మీద అట్ట తీశాక కుక్క తల అదేపనిగా విదిలిస్తుంటే మాత్రం పశువైద్యుడికి చూపించండి, చెవి తమ్మెలో రక్తం గూడుకట్టే ప్రమాదముంది.

గ్రూమర్ దగ్గరికి వెళ్ళినప్పుడు "టెడ్డీ బేర్ కట్" అని పేరు చెప్పి ఊరుకోకండి, ఒక్కొక్కరికి అది ఒక్కో రకం. ఒంటి మీద ఎన్ని అంగుళాలు ఉంచాలో, వారానికి మీరు నిజంగా ఎన్నిసార్లు దువ్వగలరో చెప్పండి. చేతిలో ఉన్న బ్రష్ తీసుకెళ్ళి, మీ కుక్క మీదే ఒక పాయ దువ్వి చూపించమని అడగండి. అది చర్మం దాకా పోతోందో లేదో రెండు నిమిషాల్లో తేల్చేస్తారు, అరగంట రివ్యూలు చదివే పని తప్పుతుంది.